ఒక్క సీను మనిషి

జోగేశ్వరరావు గారు స్టేజీ మీద ఏడవబోయే ముందు మైకు ఎక్కడుందో ఒకసారి పైకి చూసుకుంటారు. చూసుకుని, దాని కిందకి రెండడుగులు జరిగి, గడ్డం ఎత్తి, అప్పుడు ఏడుస్తారు. ఇరవై ఏళ్ళుగా అదే ఏడుపు. నాటకంలో పెళ్ళాం పోయినా, కొడుకు తిరగబడినా, ఊరు మునిగిపోయినా కొలత మారదు.

నిడదవోలు చేపల బజార్లో సోమవారం పొద్దున్నే నూకరత్నం ఆ ఏడుపు చేసి చూపిస్తోంది. రేకుల కప్పు నుంచి వేలాడుతున్న కాటాని మైకు అనుకుంది. చేతిలో ఉన్న శీలావతి చేపని ఆఫీసు ఫైలు అనుకుంది. కాటా వైపు దొంగచూపు ఒకటి చూసి, దాని కిందకి జరిగి, రొమ్ము విరిచి, "ఓ న్యాయమా! నీ చిరునామా ఎక్కడ?" అంది. అని, ఫైలుతో కన్ను తుడుచుకుంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు బుట్టలు వదిలేసి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది తలుపులమ్మ. ఆమె నూకరత్నానికి తోటికోడలు. నూకరత్నం చేప అమ్మితే పక్కనే కత్తిపీట ముందు కూర్చుని ఆ చేప కోసి, పొలుసు తీసి ఇచ్చేది తలుపులమ్మే. నవ్వు ఆపుకోలేక కత్తిపీట మీంచి కాలు తీసేసి, "అక్కా, ఇంకోపాలి! ఆ మైకు చూపొక్కటీ ఇంకోపాలి!" అంది.

"ఒకపాలి చాలే. ఆయనకే ఒక్కటే వచ్చు," అంది నూకరత్నం, చేపని మంచు మీద పడేసి.

జోగేశ్వరరావు గారికి బజారు మొదట్లో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. కొట్టు మీద మేడగది ఉంది. ఆ మేడగదిలో నాటక సమాజం ఉంది. గది ఆయనది, సెట్టు ఆయనది, పోటీలు పెట్టే పరిషత్తులకి వెళ్ళే బండి ఆయనది కాబట్టి హీరో వేషం కూడా ఆయనదే. ఆయన గొంతు ఆయన అమ్మే బిందెల్లాగే బాగా మోగుతుంది. బిందె ఖాళీగా ఉన్నప్పుడే కదా మోగేది, అంటుంది నూకరత్నం.

ఆమెకి యాభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఆ సమాజంలో వేషాలు వేస్తోంది. పనిమనిషి, మంత్రసాని, పూల ముసలమ్మ, హీరో గారి పిచ్చి అక్క. ఎప్పుడూ ఒక్క సీను. స్టేజీ మీద ఒక్కసారైనా కుర్చీలో కూర్చున్నది లేదు. నిలబడటమో, గోడవార చతికిలబడటమో. అయినా నాటకం అయ్యాక జనం అడిగేది ఒక్కటే: "ఆ ఒక్క సీనులో వచ్చినావిడ ఎవరండీ?"

ఈ ఏడాది నాటిక పేరు "వాకిలి వరకే". పోలవరం ముంపులో పోయే ఊరు. ఒక ముసలమ్మ ఇంటి మధ్యలోంచి ముంపు గీత పోయింది. వాకిలి ముంపులో ఉంది, పెరడు ముంపులో లేదు. సగం ఇంటికి బదులు ఇల్లు ఇవ్వడం కుదరదంటారు. తహసీల్దారు జోగేశ్వరరావు గారు. నాటిక యాభై నిమిషాలయితే అందులో నలభై నిమిషాలు ఆయన న్యాయాన్ని పిలుస్తూనే ఉంటారు. మధ్యలో ఏడు నిమిషాలు నూకరత్నం వస్తుంది. ముసలమ్మగా వచ్చి, "మునిగే సగం మీరే ఉంచుకోండి బాబూ" అని, కొంగున కట్టుకున్న ఇంటి తాళంచెవి విప్పి ఇవ్వబోతుంది. ముడి రాదు. గోళ్ళతో లాగుతుంది. పళ్ళతో పట్టుకుంటుంది. అదే ఆ ఏడు నిమిషాలు.

ఆ ముడి మేష్టారు రాసింది కాదు. రచన, దర్శకత్వం చంద్రరావు మేష్టారివే కానీ, ఆయన కాగితం మీద "తాళంచెవి ఇచ్చును" అని మాత్రమే ఉంది. ముడి నూకరత్నం తెచ్చుకుంది. తడి చేతులతో కొంగున చిల్లర కట్టుకుని, సాయంత్రానికి అది బిగుసుకుపోతే పళ్ళతో లాగడం ఆమెకి ముప్పై ఏళ్ళ అలవాటు. స్టేజీ ఎక్కే ముందు కొంగు నీళ్ళలో ముంచి నిజంగా బిగిస్తుంది. ఒకరోజు నిమిషంలో వస్తుంది, ఒకరోజు మూడు నిమిషాలు పడుతుంది. ఎప్పుడొస్తుందో ఆమెకీ తెలీదు. ఆ తెలీకపోవడం కోసమే జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

కిందటి నెల కొవ్వూరు పరిషత్తులో న్యాయనిర్ణేతలు ఆ ముడికి ప్రత్యేక బహుమతి ఇచ్చారు. హీరో గారికి ఏమీ రాలేదు. ఆయన కారెక్కబోతూ ఆగి, "నూకరత్నం, ఆ ముడి దగ్గర అంతసేపు ఉండకు. సీను జారిపోతోంది. నీ మంచికే చెప్తున్నాను," అన్నారు.

"ఆయ్, అలాగేనండి," అంది నూకరత్నం. తర్వాత వారం ఇంకో పరిషత్తులో ముడి ఇంకాస్త తడిపి కట్టింది.

*

సోమవారం సాయంత్రం మేడగదిలో అందరూ చేరాక జోగేశ్వరరావు గారు ఒక సంగతి చెప్పారు. శుక్రవారం సామర్లకోట పరిషత్తులో నాటిక ఉంది.

"మా కొట్లో ఏ గిన్నె బాగా కదులుతుందో ఆ గిన్నె ముందు వరసలో పెడతాం. ఏమంటారు మేష్టారూ? ఈ నాటికలో కదిలేది ముసలమ్మ వేషం. అది వేషంలో ఉన్న బలం. ఎవరు వేసినా నెగ్గుతుంది. అంచేత అది నేను వేస్తాను. ముసలమ్మని ముసలాయన చేసెయ్యండి. నాలుగు మాటలు మారిస్తే సరిపోతుంది."

చంద్రరావు మేష్టారు రిటైరైన తెలుగు పంతులు. ఎనిమిది నాటికలు రాశారు. ఎనిమిదీ ఈ మేడగదిలోనే పుట్టాయి కాబట్టి ఆయన మాట ఎప్పుడూ మేడగది మెట్ల దాకా వెళ్ళి ఆగిపోతుంది. "అయితే... తహసీల్దారు ఎవరండీ? నాలుగు రోజుల్లో అంత పాఠం ఎవరికొస్తుంది?" అన్నారు.

"ఎవరికో ఎందుకండీ. నూకరత్నానికి వచ్చుగా."

అది నిజమే. నూకరత్నానికి చదువు రాదు. పాఠం ఎవరైనా చదువుతుంటే విని పట్టుకోవాలి. తన మాట ఎక్కడొస్తుందో తెలియాలంటే మొత్తం వినాలి. అలా ప్రతి నాటికా మొదటినుంచి చివరిదాకా, అందరి పాఠాలూ ఆమె నోట్లో ఉంటాయి. హీరో గారు మర్చిపోయిన చోటల్లా గోడవార ముసలమ్మ దగ్గినట్టు దగ్గి మొదటి మాట అందించేది ఆమే.

"ఇరవై రెండేళ్ళకి హీరోయిన్‌వి అవుతున్నావు. కరపత్రంలో నీ పేరే ముందు. లేడీ తహసీల్దారు. ఇప్పుడంతా లేడీ ఆఫీసర్లేగా," అన్నారు జోగేశ్వరరావు గారు ఉదారంగా.

నూకరత్నానికి ఒళ్ళు మండింది. ఆ ముడి తనది. ఆ ఏడు నిమిషాలూ తనవి. ఒకరి వేలు తీసి ఇంకొకరి చేతికి అతికిస్తామన్నట్టుంది. "నాకొద్దండి" అనే మాట గొంతు దాకా వచ్చింది.

కానీ చూపు గది మధ్యలో ఉన్న కుర్చీ మీద పడింది. తహసీల్దారు కుర్చీ. చేతులున్నది, వీపుకి తువ్వాలు వేసి ఉన్నది. సీను మొదలయ్యేసరికి అందులో కూర్చుని ఉండాలి, ముసలివాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడాలి.

"ఆయ్, అలాగేనండి," అంది.

ఆయన వెంటనే చెయ్యి చాపారు. నూకరత్నం సంచిలోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. బెత్తెడు పొడుగు ఇనప చెవి, వాళ్ళ మావగారి నాటిది.

"ముడి ఎలా వేస్తావు?"

"కండువా చివర తడిపి కట్టండి. గట్టిగా లాగి బిగించాలి."

"గట్టిగా బిగిస్తే రాదు కదా?"

"రాకూడదండి."

జోగేశ్వరరావు గారు మేష్టారి వంక చూసి నవ్వారు. "రాకపోతే నా డైలాగు ఎప్పుడు చెప్పేది? అంతా నటనే కదా. వదులుగా వేసి, రానట్టు చేస్తే సరిపోతుంది."

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందని సామెత. ఈయనకి మద్దెల కూడా ఇంకొకరిది కావాలి. నూకరత్నం సంచి మూసేసింది. రేపు బజార్లో చెయ్యడానికి ఇంకో ముక్క దొరికిందనుకుంది.

*

నిజానికి మంగళవారం బజార్లో ఆమె ఏమీ చెయ్యలేదు. చేపలు అమ్ముతూ పాఠం నెమరేసుకుంది. ముసలమ్మ మాటలు ఎప్పుడూ నెమరెయ్యక్కర్లేదు, వాటంతటవే వచ్చేవి. తహసీల్దారు మాటలు అలా రావు. మేష్టారు వాటిని బీరువాలోంచి తీసి ఇస్త్రీ చేసి పెట్టారు. "ఈ సింహాసనం నాకు ముళ్ళ పరుపు" అని ఒకటి ఉంది. నూకరత్నం జన్మలో ఎవరూ ఆమెతో అలా మాట్లాడలేదు.

తలుపులమ్మ పొలుసు గీరుతూ, "నేను కూడా కొత్త పాఠం ఏవన్నా నేర్చుకోవాలా అక్కా?" అంది.

తలుపులమ్మని నాటికలోకి తెచ్చింది నూకరత్నమే. తహసీల్దారు ఆఫీసులో అటెండరు వేషానికి ఎవరూ దొరక్కపోతే, "మాటల్లేవే, గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చి రావడమే" అని లాక్కొచ్చింది. రెండు పరిషత్తుల్లోనూ తలుపులమ్మ గ్లాసు ఇచ్చింది, తీసుకుంది. నూకరత్నం ముడి విప్పుతుండగా అటెండరు ఏం చేసిందో ఎవరూ చూడలేదు. నూకరత్నమూ చూడలేదు.

"నీకేం పాఠం. ఎప్పుడిచ్చినట్టే ఇయ్యి," అంది.

సాయంత్రం రిహార్సల్‌లో నూకరత్నం కుర్చీలో కూర్చుంది. మేష్టారు అద్దాల్లేని కళ్ళజోడు ఫ్రేము ఒకటి ఇచ్చారు. కూర్చోగానే కాళ్ళు ఏం చెయ్యాలో తెలియలేదు. నిలబడ్డ మనిషికి నడుముంది, భుజముంది, పాదం బరువు మార్చుకోవడం ఉంది. కూర్చున్న మనిషికి నోరొక్కటే. ఆ నోటితో నలభై నిమిషాలు నడపాలి. పావుగంటకే ఆమెకి జోగేశ్వరరావు గారి మీద మొట్టమొదటిసారి కాస్త జాలేసింది. వెంటనే ఆయన ముసలాయనగా రావడంతో ఆ జాలి పోయింది.

ఆయన నడుం వంచారు. నడుం వంచినా గొంతు వంగలేదు. ఊళ్ళో వేలం పాడుతున్నట్టు "మునిగే సగం మీరే ఉంచుకోండి తల్లీ!" అని అరిచారు. కండువా ముడి పట్టుకుని, రానట్టు మొహం పెట్టి, నాలుగు లెక్కపెట్టి, లాగారు. వచ్చేసింది.

అప్పుడు తలుపులమ్మ గ్లాసుతో వచ్చింది. గ్లాసు అడుగు కొంగుతో తుడిచింది. ముసలాయన చేతికిచ్చి, అక్కడే నిలబడింది. ఆయన తాగాలి, గ్లాసు వెనక్కి తీసుకెళ్ళాలి. ఈలోగా పని లేదు కాబట్టి మోచేతి మీద ఎండిపోయి అంటుకున్న చేప పొలుసు కనపడితే గోటితో నెమ్మదిగా ఊడదీస్తోంది. ఊడదీసి, ఆఫీసులో కింద పారెయ్యడం ఎందుకనుకుందో ఏమో, బొడ్లో దోపుకుంది.

నూకరత్నం అప్పటికి "ఈ సింహాసనం నాకు ముళ్ళ పరుపు" దగ్గర ఉంది. ఎదురుగా బల్ల మీద కూర్చున్న మేష్టారు ఆమె వైపు చూడటం లేదు. మేష్టారి పక్కన లైట్లు చూసే ప్రసన్నకుమార్ కూడా చూడటం లేదు. ఇద్దరి కళ్ళూ ఆ మోచేతి మీద ఉన్నాయి.

అది నూకరత్నానికి బాగా తెలిసిన చూపు. ఇరవై రెండేళ్ళు గోడవార కూర్చుని ఆ చూపుని హీరో గారి మీంచి తన మీదకి లాక్కున్న మనిషి ఆమె. అది తన మీంచి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో మాత్రం ఇప్పుడే తెలిసింది. వేసవిలో ఫ్యాను ఆగినట్టుంది. గొంతు దానంతటదే పెరిగింది. పెరిగినా ఎవరూ చూపు తిప్పలేదు.

బుధవారమూ అంతే. ఈసారి పొలుసు లేదు. తలుపులమ్మ ముసలాయన తాగుతున్నంతసేపూ ఆయన గొంతు కదలడం చూస్తూ నిలబడింది, అంతే. అదీ చూశారు.

రిహార్సల్ అయ్యాక మెట్లు దిగుతూ నూకరత్నం అంది: "తలుపులూ, నీళ్ళు ఇచ్చేసి లోపలికి వచ్చెయ్. అక్కడ నిలబడకు."

"గ్లాసో?"

"బల్ల మీద పెడతాడు."

"పెద్దాయన తాగాడో లేదో చూడొద్దా అక్కా?"

"చూడక్కర్లేదు. సీను జారిపోతంది."

తలుపులమ్మ రెండు మెట్లు దిగి, "అట్టాగేలే," అంది.

*

శుక్రవారం సెట్టు బండిలో పోయింది, జోగేశ్వరరావు గారు కారులో పోయారు, మిగిలినవాళ్ళు రైల్లో సామర్లకోట చేరారు. సాయంత్రం ఆరింటికి మొదటి నాటిక వీళ్ళదే. మేకప్ గదిలో జోగేశ్వరరావు గారు తెల్ల గడ్డం అతికించుకుని అద్దంలో మురిసిపోతున్నారు. కండువా కొత్తది. గంజి దిగలేదు. చివర తాళంచెవి పెట్టి, చిన్నపిల్లల రిబ్బను ముడిలాంటిది వేసి, లాగి చూసుకున్నారు. వచ్చింది. మళ్ళీ వేసుకున్నారు.

గంజి కండువాలో అలాంటి ముడి పది అడుగులు కూడా నిలవదని నూకరత్నానికి తెలుసు. చెబుదామనుకుంది. ఇరవై రెండేళ్ళు దగ్గి దగ్గి అందించింది చాల్లే అనుకుని కళ్ళజోడు పెట్టుకుంది. పక్క గోడకి కరపత్రం అంటించి ఉంది. చదవలేకపోయినా పైనుంచి మొదటి పేరు తనదని మేష్టారు వేలు పెట్టి చూపించారు. ఆ పేరు వైపు ఆమె నాలుగోసారి చూసింది.

తెర లేచింది. నూకరత్నం కుర్చీలో ఉంది. పాఠం తడబడలేదు. జనం మర్యాదగా విన్నారు. అంతకంటే ఏమీ జరగలేదు.

ముసలాయన వచ్చారు. వస్తూనే మైకు కోసం పైకి చూసి, దాని కిందకి జరగడానికి గబగబా రెండడుగులు వేశారు. ఆ విసురుకి కండువా ముడి విడిపోయింది. తాళంచెవి గుమ్మం దగ్గర చెక్కల మీద పడి ఖంగుమంది. ముందు వరస నుంచి వెనక వరస దాకా అందరికీ వినపడింది, ఆయనకి తప్ప. ఆయన తన గొంతు వింటున్నారు.

"మునిగే సగం మీరే ఉంచుకోండి తల్లీ!" అని ఖాళీ కండువా చివర పట్టుకుని, రానట్టు మొహం పెట్టి, లెక్కపెట్టి, లాగారు. చేతిలోకి ఏమీ రాలేదు. రెండో చివర చూసుకున్నారు. బల్ల కింద చూశారు. జేబు లేని చొక్కా తడుముకున్నారు. ఆయన మొహంలో ఇరవై ఏళ్ళలో మొదటిసారి నిజమైన భావం ఒకటి కనపడింది.

"గుమ్మం దగ్గర పడిందండోయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. హాలంతా ఘొల్లుమంది.

అప్పుడే తలుపులమ్మ గ్లాసుతో వస్తోంది. గుమ్మంలో ఆగింది. వంగి తాళంచెవి తీసింది. గ్లాసు అడుగు తుడిచినట్టే దాన్నీ కొంగుతో తుడిచింది. తొందరేమీ లేదు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె ముసలాయన దగ్గరికి వచ్చి, నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, ఆయన చెయ్యి తీసుకుని, అరచేతిలో తాళంచెవి పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళని ఆ ఆఫీసులో చాలామందిని చూసిన మనిషిలా మూసింది. మూసిన పిడికిలి మీద ఒక్క క్షణం తన చెయ్యి ఉంచింది. తర్వాత, చెప్పిన మాట ప్రకారం, నిలబడకుండా లోపలికి వెళ్ళడానికి తిరిగింది.

హాలు నిశ్శబ్దమైపోయింది. ముడి దగ్గర వచ్చే నిశ్శబ్దం లాంటిదే అది. దాని తర్వాత ఏమొస్తుందో నూకరత్నానికి తెలుసు. ఎక్కడో ఒక జత చేతులు, పక్కన ఇంకో జత, తర్వాత వరసలన్నీ చప్పట్లే.

అలాగే మొదలయ్యాయి, పూర్తవలేదు. నూకరత్నం కుర్చీలోంచి లేచి నిలబడింది. పైకి చూసింది, మైకు ఒక అడుగు ఎడమకి ఉంది. జరిగింది. గడ్డం ఎత్తి, "ఓ న్యాయమా! నీ చిరునామా ఎక్కడ?" అంది. ఆ గొంతుకి హాలు దద్దరిల్లింది. చప్పట్లు సగంలో తెగిపోయాయి. తలుపులమ్మ గుమ్మంలో ఒకసారి వెనక్కి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు రైల్లో తోటికోడళ్ళిద్దరూ కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నారు. తలుపులమ్మ టిఫిన్ డబ్బా విప్పి పులిహోర చెరిసగం చేసింది. కాసేపటికి, "బాగానే చేశానా అక్కా?" అంది.

"తాళం సంగతి అలా మధ్యలో చెయ్యకూడదే. మేష్టారు రాయలేదు. నీ మంచికే చెప్తన్నాను."

"కింద పడుంది కదక్కా," అంది తలుపులమ్మ. ద్వారపూడి దాటాక కళ్ళు మూసుకుంది. నిద్రపోతోందో లేదో నూకరత్నం అడగలేదు.

*

పరిషత్తు ఆదివారంతో ముగిసింది. సోమవారం పొద్దున్న కొట్టు తియ్యగానే జోగేశ్వరరావు గారు కబురు పెట్టారు. నూకరత్నం చేపల బుట్ట తలుపులమ్మకి అప్పగించి వెళ్ళింది. కొత్త ప్రెషర్ కుక్కర్ల వరసలో ఒక షీల్డు పెట్టి ఉంది.

"ఉత్తమ నటి. నీకే," అన్నారాయన. మొహం మాడిపోయి ఉంది. ఆయనకి ఈసారీ ఏమీ రాలేదు. ఆడవాళ్ళు ప్రధాన వేషం వేసిన నాటికలు పోటీలో రెండే వచ్చాయని, రెండోదాంట్లో హీరోయిన్ పాఠం మర్చిపోయి ఏడ్చేసిందని ప్రసన్నకుమార్ అప్పటికే బజారంతా చెప్పేశాడు. జోగేశ్వరరావు గారు మళ్ళీ అందుకున్నారు: "అటెండరు వేషం గురించి కూడా న్యాయనిర్ణేతలు ఏదో అన్నారట గానీ, మాటల్లేని వేషాలకి బహుమతి లేదట. నేను చెప్పలేదూ నూకరత్నం, అంతా వేషంలో ఉంటుంది. ఇప్పుడు చూడు, కదిలే సరుకు తహసీల్దారే. అంచేత వచ్చే పరిషత్తుకి మళ్ళీ అది నేను వేస్తాను. నీ ముడి నువ్వు కట్టుకో."

ఈ మనిషికి ఎవరూ ఏమీ నేర్పలేరు. దేవుడు దిగొచ్చి వరమిస్తానన్నా మైకు ఎటుందో అడుగుతాడు. నూకరత్నం లోలోపల నవ్వుకుంటూ షీల్డు చంకలో పెట్టుకుంది. ఏడు నిమిషాలు తిరిగొచ్చాయి, పైన ఇదొకటి వచ్చింది. బజారుకి నడుస్తూ ఇవాళ చేసి చూపించాల్సిన ముక్కలు వరసగా పెట్టుకుంది. గంజి కండువా. బల్ల కింద వెతుకులాట. జేబు లేని చొక్కా.

షెడ్డు ఇంకా కనపడకముందే నవ్వులు వినపడ్డాయి. ఆడవాళ్ళు బుట్టలు వదిలేసి గుంపుగా నిలబడ్డారు. మధ్యలో ఎవరో చేస్తున్నారు. బేబి అనే రొయ్యలమ్మి పొట్ట పట్టుకుని, "ఇంకోపాలి!" అంటోంది.

నూకరత్నం మంచు డబ్బాల వెనక ఆగిపోయింది.

తలుపులమ్మ బోర్లించిన క్రేటు మీద కూర్చుంది, వీపు నిటారుగా, కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి. లేని కళ్ళజోడు సర్దుకుంది. ఎవరికో చప్పట్లు వినపడ్డట్టు చెవి ఒగ్గింది. ఆ చప్పట్లు తనకి కావని తెలిసినట్టు మొహం కొంచెం, చాలా కొంచెం, వాడింది. ఉలిక్కిపడి లేచింది. కాటా వైపు ఒక దొంగచూపు. ఎడమకి ఒక అడుగు. గడ్డం.

"నీ మంచికే చెప్తన్నానే!" అంది కాటాతో.

షెడ్డు ఘొల్లుమంది. ఇరవై రెండేళ్ళలో నూకరత్నం ఆ కాటా కింద ఎన్నోసార్లు నవ్వించింది గానీ అలాంటి నవ్వు ఎప్పుడూ రాలేదు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. కోపం రావాలని చూసింది, రాలేదు. ఆ మొహం వాడిపోవడం ఉంది చూశారా, అది ఎవరికీ కనపడలేదని తను అనుకుంది. ఒక్క మనిషి చూసింది. అటెండరు వెనక్కి తిరిగి చూసినప్పుడు చూసింది.

ముందు బేబి గమనించింది. నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది. తలుపులమ్మ తిరిగి చూసి, క్రేటు వదిలి, కత్తిపీట ముందు కూర్చుంది. చెయ్యి పొలుసు గీకే రేకు ముక్క కోసం తడుముకుంటోంది.

నూకరత్నం షీల్డుని మంచు డబ్బా వెనక పెట్టి, దాని మీద తడి గోనెపట్టా కప్పింది. తన చోటికి వచ్చింది.

"గడ్డం అంతేనా ఎత్తాను?" అంది.

తలుపులమ్మ తల ఎత్తలేదు. "ఊరికే అక్కా. ఏదో సరదాకి..."

"గడ్డం ఇంకా పైకెత్తానే. నాకే తెలుసు. మెడ నరం నొప్పెట్టింది."

తలుపులమ్మ అప్పుడు చూసింది. రైల్లో చూడని చూపు. ఆ చూపులో దయేమీ లేదు. దయ చూపించమని నూకరత్నమూ అడగలేదు.

"లే. మళ్ళీ చెయ్యి," అంది నూకరత్నం. "చప్పట్లు నేను కోసేశానే, అది కూడా పెట్టు. కొయ్యడం నీకు బాగా వచ్చు కదా."

తలుపులమ్మ ఒక క్షణం ఆలోచించింది. చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది. క్రేటు మీద కూర్చుంది. ఈసారి జాలి చూపలేదు. గడ్డం ఎంత ఎత్తాలో అంతా ఎత్తింది. న్యాయం చిరునామా అడుగుతూనే ఓరకంటితో గుమ్మం వైపు, అక్కడ నిలబడిన అటెండరు వైపు చూసింది. ఆ ఓరచూపు సంగతి నూకరత్నానికే తెలీదు. తెలిసిన క్షణం ఆమెకి నవ్వు రాలేదు, తర్వాత వచ్చింది, వచ్చాక ఆగలేదు.

సంచి పట్టుకుని చేపలకి వచ్చిన ఒక పెద్దాయన ఆ నవ్వుల మధ్య నిలబడిపోయి తలుపులమ్మనే చూస్తున్నాడు. కాసేపటికి నూకరత్నం వైపు వంగి, "ఎవర్ని వెక్కిరిస్తోందండీ ఆవిడ?" అన్నాడు.

"ఎవరో హీరోయిన్ లెండి," అంది నూకరత్నం కళ్ళు తుడుచుకుంటూ. "మీకేం కావాలి, శీలావతా, కొరమీనా?"

ఆయన శీలావతి అన్నాడు. ఆమె చేప తూచి, తలుపులమ్మ కత్తిపీట దగ్గర పెట్టి, ఆమె ఆట ముగించి వచ్చేదాకా పక్కకి తప్పుకుని నిలబడింది.